ఆప్ట్ ఆ ఫైళ్లను ఎందుకు దాచుకుంటుంది?

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో ఉంటూ లినక్స్ నేర్చుకునే తెలుగు కుర్రకారు తరచూ చేసే ఫిర్యాదు, అద్దెకు తీసుకున్న చిన్న సర్వరులో డిస్కు నిండిపోయిందని. వెతికితే, ప్రోగ్రాములను తెచ్చి ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్ అనే పనిముట్టు వాడుకునే వార్/క్యాష్/ఆప్ట్/ఆర్కైవ్స్ డైరెక్టరీలో ఎప్పుడో ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీలు, అంటే ప్రోగ్రాములను మూటగట్టిన ఫైళ్లు, కుప్పగా బయటపడతాయి. పని అయిపోయాక కూడా వాటిని ఎందుకు ఉంచినట్టు?

1993లో వచ్చిన స్లాక్‌వేర్ అనే లినక్స్ రకంలో ప్యాకేజీ అంటే కుదించిన టార్ ఫైలే (అనేక ఫైళ్లను ఒక్కటిగా కట్టినది). దానికి ఏ లైబ్రరీ (ప్రోగ్రాములు పంచుకుని వాడే కోడ్) కావాలో వాడేవారే తెలుసుకోవాలి. మరో రెండు లినక్స్ రకాలైన డెబియన్‌లో డీపీకేజీ, రెడ్‌హ్యాట్‌లో ఆర్‌పీఎం అనే ఇన్‌స్టాల్ పనిముట్లు వచ్చాక ప్రతి ప్యాకేజీ తన డిపెండెన్సీలను (తనకు కావలసిన ఇతర ప్యాకేజీలను) తానే చెప్పుకోవడం మొదలైంది. అయితే ఆ పనిముట్లు ఫలానాది లేదని చెప్పి ఊరుకునేవి. దాన్ని తెస్తే అది ఇంకో రెండింటిని అడిగేది. ఈ గొలుసును తానే వెంటాడి అన్నింటినీ తెచ్చిపెట్టే ఆప్ట్, 1999 మార్చిలో డెబియన్ 2.1తో అందరికీ అందింది.

అప్పటి బెంగళూరును తలచుకోండి. 56 కేబీపీఎస్ మోడెమ్ పూర్తి వేగంతో నడిచినా 10 ఎంబీల ప్యాకేజీ దిగడానికి దాదాపు 25 నిమిషాలు, పైగా ఫోను బిల్లు. మధ్యలో లైను తెగితే ఆ బాధ వేరు. అందుకే పత్రికలతో వచ్చే సీడీలకు అంత గిరాకీ. అంత కష్టపడి దించుకున్నదాన్ని చెరిపేయడం దుబారా. దాచుకోవడమే ఆ రోజులకు సరైన పద్ధతని నా అభిప్రాయం.

కాలం మారాక, 2016లో ఆప్ట్ 1.2 నుంచి 'ఆప్ట్' కమాండు ఇన్‌స్టాల్ పూర్తికాగానే ఫైళ్లను తీసేస్తోంది. పాత 'ఆప్ట్-గెట్' అలవాటును మాత్రం మార్చలేదు. శిక్షణ పాఠాల్లో ఇంకా ఎక్కువగా కనిపించేది అదే, కుప్పలు పెరిగేదీ అక్కడే. ఫెడోరా అనే లినక్స్‌లో ఇదే పని చేసే డీఎన్ఎఫ్ కూడా తీసేస్తుంది. ఆర్చ్ లినక్స్‌లోని ప్యాక్‌మ్యాన్ అన్ని వెర్షన్లనూ ఉంచుతుంది; కొత్తది మొరాయిస్తే పాతదానికి వెనక్కి వెళ్లే దారి అదే కాబట్టి అందులో తప్పు పట్టలేం.

వార్/క్యాష్‌కు ఫైల్‌సిస్టమ్ ప్రమాణం పెట్టిన షరతు ఒకటుంది: అక్కడున్నది చెరిపినా సమాచారం పోకూడదు, ప్రోగ్రామ్ మళ్లీ తెచ్చుకోగలగాలి. కనుక దాచిన ప్యాకేజీ ఫైళ్లను తీసేసే 'ఆప్ట్-గెట్ క్లీన్' నిర్భయంగా నడపవచ్చు. 'ఆటోక్లీన్' అయితే ప్యాకేజీలను దించుకునే సర్వరులో ఇక దొరకని పాత ఫైళ్లనే తీస్తుంది. 'ఆటోరిమూవ్' సంగతి వేరు. అది క్యాష్‌ను (దాచిన ఆ ఫైళ్లను) ముట్టదు, ఎవరికీ అవసరం లేకుండా మిగిలిన డిపెండెన్సీలను తొలగిస్తుంది. చోటు కోసం వార్/లిబ్/డీపీకేజీ జోలికి మాత్రం వెళ్లకండి. ఏమేమి ఇన్‌స్టాల్ అయ్యాయో రాసి ఉండే చిట్టా అందులోనే ఉంటుంది.