కాస్త పక్కకి చూడండి

మా ఖగోళ క్లబ్బుకి కొత్తగా వచ్చినవాళ్లకి ముందు శనిని చూపిస్తాం. చూసినవాళ్లలో కొందరు తలెత్తి, టెలిస్కోప్ గొట్టం ముందువైపుకి వెళ్లి లోపలికి తొంగి చూస్తారు. ఎవరైనా స్టిక్కర్ అతికించారేమోనని అనుమానం! ఆ వలయం అంత చిన్నగా, అంత స్పష్టంగా ఉంటుంది మరి. కాసేపాగి అదే మనిషికి ఆండ్రోమెడా గెలాక్సీ చూపిస్తే మొహం వాడిపోతుంది. "ఏదో మసకగా ఉందండీ, అద్దం ఓసారి తుడుస్తారా?" అంటారు.

మొదటిసారి నేనూ అదే అన్నాను. వరసలో నా వెనకున్న పెద్దాయన నవ్వి, "సూటిగా చూడకండి. కాస్త పక్కకి చూడండి. ధ్యాస మాత్రం ఆ మసక మీదే ఉంచండి" అన్నారు. కుడికన్నుతో చూస్తున్నాను కాబట్టి చూపుని కుడివైపుకి జరపమన్నారు. జరిపాను. మసక ఒక్కసారిగా పెరిగింది. గుండ్రంగా అనిపించింది కాస్తా కోలగా సాగి, అంచులు ఎక్కడ ఆగాయో తెలియకుండా చీకట్లో కలిసిపోయింది. ఆయన గొట్టాన్ని వేలితో చిన్నగా తట్టారు. బొమ్మ అదిరేసరికి ఇంకాస్త బయటపడింది. మన కంటికి కదలని మసక కన్నా కదిలే మసకే తేలిగ్గా తెలుస్తుందట.

ఇందులో మాయేమీ లేదు. కంటి వెనక బొమ్మ పడే పొర రెటీనా. అందులో రెండు రకాల కణాలుంటాయి. రంగుల్ని, సన్నటి వివరాల్ని పట్టుకునే శంకువులు సుమారు 60 లక్షలు. మసక వెలుతురులో పనిచేసే దండాలు సుమారు 12 కోట్లు. మనం దేన్నైనా సూటిగా చూస్తే దాని బొమ్మ రెటీనా నడిమధ్యన పడుతుంది. అక్కడ ఉన్నవన్నీ శంకువులే, దండాలు ఒక్కటీ లేవు. చూపు పక్కకి జరిపితే బొమ్మ దండాల మీద పడుతుంది. అయితే ఏ పక్కకి పడితే ఆ పక్కకి జరపకూడదు. చెవి వైపు చూపులో ఒకచోట అంధబిందువు ఉంది, బొమ్మ అక్కడ పడితే ఉన్నది కూడా మాయమవుతుంది. అందుకే కుడికన్నైతే చూపు కుడికి, ఎడమకన్నైతే ఎడమకి.

దండాలు పూర్తిగా పనిలోకి దిగాలంటే చీకట్లో 20 నుంచి 30 నిమిషాలు ఉండాలి. వెలుతురులో విరిగిపోయిన రొడాప్సిన్ అనే పదార్థం మళ్లీ తయారవడానికి అంత టైమ్ పడుతుంది. దాని తయారీకి విటమిన్ ఎ కావాలి, అది లోపిస్తే రేచీకటి వచ్చేది ఇందుకే. అరగంట ఓపిక పట్టాక ఎవరి జేబులోనో ఫోన్ వెలిగిందంటే అందరి కష్టమూ గంగపాలు. మేం టార్చ్‌లకి ఎర్ర కాగితం చుట్టుకుంటాం. ఎర్ర వెలుగు దండాలకి దాదాపు తెలియదు. క్లబ్బులో మిగతా అన్నిటికీ క్షమాపణ ఉంది గానీ, ఫోన్ ఫ్లాష్‌కి లేదు.

మేం వాడే టెలిస్కోప్ ప్లైవుడ్ పెట్టెలో కూర్చునే డాబ్సోనియన్. దీన్ని ప్రచారంలోకి తెచ్చిన జాన్ డాబ్సన్ శాన్ ఫ్రాన్సిస్కో వేదాంత సొసైటీ మఠంలో సన్యాసిగా ఉండేవాడు. పాత గాజు ముక్కల్ని అరగదీసి అద్దాలు చేసి, వీధి చివర టెలిస్కోప్ పెట్టి దారినపోయేవాళ్లని పిలిచి చూపించేవాడు.

ఇక ప్రసంగాల సంగతి. బ్లాక్ హోల్ అంటే హాలు నిండుతుంది, వారం తిరిగేసరికి అందులో ఒక్క ముక్కా గుర్తుండదు. నాకు గుర్తుండిపోయింది ఇరవై మంది కూడా రాని ప్రసంగం. విషయం ఆల్గాల్, అరబ్బులు రాక్షసి తల అని పిలుచుకున్న నక్షత్రం. ప్రతి 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి దాని వెలుగు తగ్గి, కనిష్ఠానికి వచ్చేసరికి మామూలులో మూడో వంతు కూడా మిగలదు. తగ్గి మళ్లీ మామూలు కావడానికి దాదాపు 10 గంటలు. అక్కడ ఉన్నవి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే నక్షత్రాలు. వెలుగు తక్కువున్నది వెలుగు ఎక్కువున్నదానికి అడ్డొస్తుంది, అదే ఆల్గాల్ గ్రహణం.

ఈ లెక్క తేల్చింది జాన్ గుడ్‌రిక్. ఇంగ్లండ్‌లోని యార్క్‌లో ఉండే 18 ఏళ్ల కుర్రాడు, చెవుడు. పక్కనే ఉండే స్నేహితుడు ఎడ్వర్డ్ పిగట్‌తో కలిసి రాత్రుళ్లు ఆకాశం చూసేవాడు. నన్నడిగితే ఆ ఇద్దరిదీ ఒక క్లబ్బే. ఏదో ఒకటి అడ్డొస్తుండొచ్చని 1783లోనే ఊహించాడు. వర్ణపటం సాయంతో అది రుజువైంది 1889లో.

ప్రసంగం చివర మాకొక పని అప్పజెప్పారు. ఆల్గాల్ వెలుగు ఎంతో మామూలు కళ్లతో చూసి అంకె వేయాలి. నక్షత్రాల ప్రకాశ పరిమాణం పరీక్షలో ర్యాంకు లాంటిది, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. వెలుగు తెలిసిన చుక్కలు రెండు ఎంచుకోవాలి. ఒకటి 2.9, ఇంకోటి 3.8 అనుకుందాం. మన చుక్క మొదటిదానికి దగ్గరగా, మూడో వంతు దూరంలో ఉందనిపిస్తే 3.2. అంతే. అనుభవం ఉన్న కంటికి ఒకటి రెండు పదోవంతులకి మించి తేడా రాదు.

1911లో మొదలైన అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వేరియబుల్ స్టార్ అబ్జర్వర్స్ ఇలాంటి అంకెల్నే ప్రపంచమంతటి నుంచీ పోగేస్తోంది. బెంగాల్‌లోని జెస్సోర్‌లో (ఇప్పుడది బంగ్లాదేశ్) ట్రెజరీ ఉద్యోగం చేసుకుంటూ రాధా గోవింద చంద్ర 37 వేలకు పైగా అంకెలు పంపాడు. ఆ సంస్థవాళ్లు ఆయనకి ఆరంగుళాల టెలిస్కోప్ ఒకటి వాడుకోమని ఇచ్చారు. తర్వాత అది ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు చేతికి వచ్చి, చివరికి తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీకి చేరింది.

ఆల్గాల్ గ్రహణం రోజు మేం ఆరుగురం చేరాం. ఒకరి అంకె ఇంకొకరికి తెలిస్తే కన్ను అటే మొగ్గుతుంది కాబట్టి మాటల్లేవు, చీటీలే. ఎర్ర టార్చ్ కింద చీటీలు విప్పితే 3.2, 3.3, 3.1, 3.3, 3.4. ఆరోది 1.9.

ఆరోది నాది. గ్రహణం ఇంకా మొదలవలేదని నేను కాసేపు వాదించాను కూడా. పెద్దాయన నా పక్కకి వచ్చి, "ఏ చుక్క చూశారో చూపించండి" అన్నారు. వేలు పెట్టి చూపించాను. అది ఆల్గాల్ కాదు, అదే నక్షత్ర మండలంలో ఉన్న మిర్ఫాక్ అనే ఇంకో చుక్క. అందరూ నవ్వుతుంటే ఆయన మాత్రం పట్టిక తిరగేసి మిర్ఫాక్ అంకె వెతికారు. 1.8.

"మనిషి దారి తప్పాడు గానీ కన్ను బానే ఉంది" అని, నా చీటీ కూడా ఫైల్లో పెట్టుకున్నారు.