స్ట్రోకు పెంచే ముందు ఆర్‌పీఎం తేల్చుకోండి

నెల్లూరులో బుల్లెట్ ఇంజను దింపించిన కుర్రాడికి ఎవరో ఒకరు చెప్పే మాట: “స్ట్రోకు పెంచితే పికప్ పెరుగుద్దన్నా.” స్ట్రోకంటే సిలిండర్‌లో పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం. ఆ మాట సగం నిజం. పెరిగేది సీసీ (పిస్టన్ కదిలే చోటు కొలత), దాంతోపాటే పికప్. అదే సీసీని బోరు (సిలిండర్ వెడల్పు) పెంచి తెచ్చుకున్నా లాగుడు దాదాపు అంతే వస్తుంది. స్ట్రోకు పొడవైతే పిస్టన్ కదలికను తిరుగుడుగా మార్చే క్రాంకు చేయి పొడవవుతుంది గానీ, అంతే సీసీకి పిస్టన్ సన్నబడి దాన్ని తోసే బలం తగ్గుతుంది. చెల్లుకు చెల్లు. పాత క్లాసిక్ 350లో బోరు 70, స్ట్రోకు 90 మిల్లీమీటర్లు. టార్క్, అంటే తిప్పే బలం, 28 న్యూటన్ మీటర్లు. 2013 నాటి కేటీఎం 390 డ్యూక్‌కి సీసీ కొంచెం ఎక్కువే, స్ట్రోకు మాత్రం 60, టార్క్ 35. బుల్లెట్ కిందినుంచే లాగుతున్నట్టు ఉండటానికి బరువైన ఫ్లైవీలు, వాల్వులు తెరిచే క్యామ్ తీరు ఎక్కువ కారణం.

స్ట్రోకు తేల్చేది ఇంజను ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దాకా తట్టుకుంటుందో. స్ట్రోకును మీటర్లలో తీసుకుని ఆర్‌పీఎంతో గుణించి 30తో భాగిస్తే పిస్టన్ సగటు వేగం. పొలాల్లో నీళ్లు తోడే 5 గుర్రాల కిర్లోస్కర్ డీజిల్ ఇంజను స్ట్రోకు 110. 1500 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 5.5 మీటర్లే. బుల్లెట్ 5250 దగ్గర 15.75. కేటీఎం 9000 దగ్గర 18. అందరికన్నా పొడుగు స్ట్రోకున్నదే అందరికన్నా నింపాదిగా నడుస్తోంది.

అసలు దెబ్బ పిస్టన్ పైకెళ్లి ఆగి వెనక్కి తిరిగేచోట ఉంది. ఎగ్జాస్ట్ చివర పైనుంచి అదిమే గ్యాస్ ఉండదు, పిస్టన్ బరువంతా దాన్ని క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్‌ని సాగదీస్తుంది. ఆ బలం స్ట్రోకుతో పాటు పెరుగుతుంది. ఆర్‌పీఎంతోనైతే దాని వర్గంగా పెరుగుతుంది. అదే బుల్లెట్‌ని 7500 తిప్పితే రాడ్ మీద లాగుడు రెట్టింపు.

ఇక క్రాంక్ పిన్నును (రాడ్ కింది కొస పట్టుకునే పిన్ను) 2.5 మిల్లీమీటర్లు బయటికి జరిపామనుకోండి. స్ట్రోకు 95 అవుతుంది, సీసీ 19 పెరుగుతుంది. పిస్టన్ మాత్రం పైన 2.5 మిల్లీమీటర్లు ఎక్కువ ఎక్కి, మండే గదిలో 9.6 సీసీ చోటు తినేస్తుంది. కంప్రెషన్ (లోపలి గాలి, పెట్రోలు ఎన్ని రెట్లు నొక్కుకుంటాయో ఆ లెక్క) 8.5 ఉన్నది 11కి చేరుతుంది. రోహిణీ కార్తెలో కావలి నుంచి ఒంగోలు దాకా హైవే మీద బంకు పెట్రోలుతో అలా లాగిస్తే నాకింగ్ (పెట్రోలు తనంతట తానే మండి ఇంజను కొట్టుకోవడం) ఖాయం. తప్పించడానికి బ్లాక్ కింద ప్యాకింగ్ ప్లేటు వేయాలి, అప్పుడు వాల్వులను కదిపే పుష్‌రాడ్లు పొడవు చాలవు. ప్లేటు వద్దంటే గజన్ పిన్ (పిస్టన్‌ని రాడ్‌కి కలిపే పిన్ను) పైకి జరిపిన పిస్టన్ కావాలి, అందులో రింగులకు చోటు తగ్గుతుంది. ఏ దారిన పోయినా రాడ్ ఎక్కువ వాలి పిస్టన్‌ని లైనర్ (సిలిండర్ లోపలి గొట్టం) గోడకేసి నెడుతుంది.

ఇంత తంటా 19 సీసీకి! లైనర్ మందం ఒప్పుకుంటే బోరును 72 చేయించండి, క్రాంకు జోలికి పోకుండానే 20 సీసీ వస్తుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ కూడా 2020లో మీటియర్ 350తో తెచ్చిన కొత్త ఇంజనులో బోరు 72కి పెంచి స్ట్రోకు 85.8కి దించింది. పాతది పూర్తి పవర్ 5250 దగ్గర ఇచ్చేది, ఇది 6100 దగ్గర ఇస్తుంది.