పన్ను నొప్పి దానంతటదే తగ్గిపోయిందా? అయితే ఇంకా త్వరగా రండి

చలికాలం సెలవులకు ముందు వారం, సెలవులైన తర్వాతి వారం. మా దంత వైద్యుల దగ్గర రద్దీ ఎక్కువగా ఉండే రోజులివి. ముందు వారం వచ్చేవాళ్లు "నాలుగు రోజులకు సరిపడా మాత్రలు రాసివ్వండి, ప్రయాణం అయ్యాక వచ్చి చూపించుకుంటాం" అంటారు. తర్వాతి వారం వచ్చేవాళ్లు చెంప వాచిపోయి వస్తారు. చాలాసార్లు వాళ్లూ వీళ్లూ ఒకరే. మధ్యలో ఏం జరిగిందని అడిగితే అందరిదీ ఒకటే మాట: "నొప్పి పోయింది కదా, తగ్గిపోయిందనుకున్నాం."

మనుషుల చేత ఎక్కువ పళ్లు పోగొట్టిస్తున్న అపోహ ఇదే. అందుకే ముందు దీని సంగతి వివరంగా చెప్పి, మిగతావి తర్వాత చూద్దాం.

అపోహ: నొప్పి పోయిందంటే పన్ను బాగైనట్టే

పంటి పైనుండే గట్టి పొర ఎనామిల్‌లో నరాలు ఉండవు. పుచ్చు అక్కడ ఉన్నంతకాలం మీకు ఏమీ తెలియదు. రెండు పళ్ల మధ్య మొదలైన పుచ్చయితే అద్దంలో కూడా కనిపించదు, ఎక్స్‌రేలోనే దొరుకుతుంది. అది ఎనామిల్ కింది పొర డెంటిన్‌లోకి దిగాక చల్లనిదో తియ్యనిదో తగిలినప్పుడు జివ్వుమంటుంది. ఆ జివ్వుమనడం ఎంతసేపు ఉందన్నదే మాకు అన్నిటికంటే ముఖ్యమైన సమాచారం.

చల్లనిది తీసేసిన కొద్ది సెకన్లలోనే నొప్పి పోతే లోపలి పల్ప్ (అంటే మనం మామూలుగా 'నరం' అనేది) ఇంకా కోలుకునే స్థితిలోనే ఉంది. పుచ్చు తీసి ఫిల్లింగ్ పెడితే సరిపోతుంది. చల్లనిది తీసేశాక కూడా నొప్పి నిమిషాల తరబడి సలుపుతున్నా, ఏమీ తగలకుండానే మొదలవుతున్నా, పడుకోగానే పెరిగి నిద్ర లేపుతున్నా లెక్క మారిపోయినట్టే. వేడిది తగిలితే పోటు ఎక్కువై, చల్లటి నీళ్లు పుక్కిట పట్టుకుంటే ఉపశమనంగా ఉందంటే పల్ప్ చివరి దశకు వచ్చింది. చల్లటి నీళ్ల సీసా చేత్తో పట్టుకుని క్లినిక్‌కు వచ్చేవాళ్లను చూస్తే, అడక్కుండానే పరిస్థితి అర్థమవుతుంది.

ఇంత నొప్పి ఎందుకంటే, పల్ప్ ఉండేది గట్టి గోడల మధ్య. వేలికి దెబ్బ తగిలితే వాచడానికి చోటుంటుంది, పంటిలో ఆ చోటు లేదు. వాపు వచ్చిన కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, రక్తం రావడం తగ్గుతుంది, కొన్నాళ్లకు పల్ప్ చచ్చిపోతుంది. చచ్చిన నరం నొప్పి చెప్పదు. మీకు హాయిగా అనిపించిన ఆ రోజు జరిగింది ఇదే.

ఆ తర్వాత బ్యాక్టీరియాను ఆపేది పంటి లోపల ఏమీ ఉండదు. అవి, వాటి విషాలు వేరు కొస దాటి ఎముకలోకి వెళ్తాయి. అక్కడి ఎముక కరుగుతుంది, ఎక్స్‌రేలో వేరు చివర నల్లటి నీడలా కనిపిస్తుంది. ఈ దశ వారాలు ఉండొచ్చు, ఏళ్లూ ఉండొచ్చు, ఏ నొప్పీ లేకుండా. ఒక రోజు పన్ను పొడుగైనట్టు, కింది పన్ను ముందుగా దానికే తగులుతున్నట్టు అనిపిస్తుంది. నమిలితే పోటు, మర్నాటికి వాపు.

కొందరికి వాపు రాదు, చిగురు మీద చిన్న మొటిమ లేస్తుంది. నొక్కితే చీము వచ్చి పోతుంది, మళ్లీ వస్తుంది. నొప్పి లేదు కాబట్టి ఏళ్ల తరబడి వదిలేస్తారు. అది లోపలి చీము బయటికి తెచ్చుకున్న దారి. దారి తెరిచి ఉన్నన్నాళ్లు ఒత్తిడి ఉండదు, నొప్పీ ఉండదు. మూసుకున్న రోజు చెంప వాస్తుంది.

ఇంకో మాట. పల్ప్ నొప్పి ఏ పంటిదో మీకు కచ్చితంగా తెలియకపోవచ్చు. కింది దవడ పన్ను నొప్పి చెవిలో పోటులా అనిపిస్తుంది, పై పన్నుదో కింది పన్నుదో తేల్చుకోలేరు. కుడి పక్క పంటి నొప్పి ఎడమ పక్కకు మాత్రం దాటదు. "ఏ పన్నో చెప్పలేకపోతే డాక్టరు ఏమనుకుంటారో" అని సంకోచించకండి. అది కనిపెట్టడం మా పని. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంటోంది, వేడికా చల్లదనానికా నమలడానికా, ఈ మూడు చెప్తే చాలు.

మొదటి దశలో వస్తే ఒక్క సిట్టింగ్, ఒక ఫిల్లింగ్. రెండో దశలో రూట్ కెనాల్ (లోపలి పల్ప్ తీసి వేర్లను నింపడం), ఆపైన క్యాప్ (పంటికి తొడిగే తొడుగు). మూడో దశలోనూ చాలా పళ్లను రూట్ కెనాల్‌తో దక్కించుకోవచ్చు. కానీ అప్పటికే పన్ను చిగురు దాకా విరిగిపోతే పీకడం తప్ప దారి ఉండదు. నొప్పి పోయింది కదా అని ఆగిన నెలల్లో మీరు దాటుతున్నది ఈ మెట్లనే.

అపోహ: యాంటీబయాటిక్ కోర్సు వాడితే లోపలి ఇన్ఫెక్షన్ పోతుంది

మాత్ర ఏదైనా రక్తం ద్వారానే చేరాలి. చచ్చిన పల్ప్‌లో రక్త ప్రసరణ లేదు. అంటే ఇన్ఫెక్షన్ గూడు కట్టుకున్న చోటికి మందు వెళ్లదు. చుట్టూ ఉన్న కండలో వాపు తగ్గుతుంది, మూలం అలాగే ఉంటుంది, కొన్నాళ్లకు మళ్లీ వాస్తుంది. పల్ప్ ఇంకా బతికే ఉండి నొప్పి పెడుతున్న దశలో అయితే యాంటీబయాటిక్ అసలు నొప్పినే తగ్గించదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు పంటి నొప్పికీ, ఒక్క పంటి దగ్గరే ఉన్న చీముగడ్డకూ చాలా సందర్భాల్లో యాంటీబయాటిక్ వద్దని, పంటికే చికిత్స చేయాలని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. జ్వరం, నలత, వాపు పాకడం ఉంటే యాంటీబయాటిక్ ఇస్తాం. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ల విషయం విడిగా ఆలోచిస్తాం. అప్పుడు కూడా చికిత్సకు తోడుగానే, దానికి బదులుగా కాదు.

ఇంట్లో మిగిలిన సగం స్ట్రిప్, పక్కింటివాళ్లు వాడిన మాత్ర, ఫోన్‌లో ఎవరో ఫార్వర్డ్ చేసిన పేరు... దయచేసి వీటి జోలికి పోకండి.

డాక్టరు దగ్గర చికిత్స దొరికేదాకా ఏం చేయాలి? పెద్దవాళ్లు ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు, పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు కలిపి, ఏదైనా తిన్నాక వేసుకోవచ్చు. మళ్లీ వేసుకోవాలంటే కనీసం 6 గంటలు ఆగాలి. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, రక్తం పలచబడే మందులు, నొప్పి మాత్రలకు ఆయాసం వచ్చే ఆస్తమా, గర్భం ఉంటే ఐబుప్రొఫెన్ వద్దు, ముందు డాక్టరుకు ఫోన్ చేయండి. ఈ కాలంలో ముఖ్యంగా చూసుకోవాల్సింది ఒకటుంది: చాలా జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది. రెండూ కలిసి తెలియకుండానే మోతాదు మించుతుంది, దెబ్బ కాలేయానికి. అట్ట మీద చదివి కూడుకోండి. పిల్లల మోతాదు బరువును బట్టి ఉంటుంది, పెద్దల మాత్ర విరిచి ఇవ్వకండి.

ఆస్పిరిన్ మాత్రను చిగురు మీద పెట్టుకుంటే నొప్పి తగ్గదు, చర్మం తెల్లగా కాలిపోతుంది. లవంగ నూనె కాసేపు తిమ్మిరి ఎక్కించేది నిజమే. కానీ నేరుగా పోస్తే అదీ కాలుస్తుంది, దూది మీద ఒక చుక్క వేసి పంటి గుంతలోనే పెట్టాలి. రాత్రి రెండు దిండ్లు వేసుకుని తల ఎత్తుగా పెట్టుకుంటే పోటు కొంత తగ్గుతుంది. వాపు మీద వేడి కాపడం వద్దు, బయటి నుంచి చల్లటి గుడ్డ పెట్టండి.

ఇక ఇవి ఉంటే డెంటల్ క్లినిక్ తెరిచేదాకా ఆగకూడదు, అర్ధరాత్రయినా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి: నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం, లాలాజలం కారిపోవడం, నాలుక పైకి లేచినట్టుండటం, దవడ కింద, మెడ మీద గట్టి వాపు, కన్ను మూసుకుపోయేంత వాపు, ఊపిరి ఇబ్బంది, వాపుతో పాటు తీవ్ర జ్వరం. కింది చివరి దవడ పళ్ల చీము నాలుక కిందికి, మెడలోకి దిగి శ్వాసదారిని మూసేయగలదు. షుగరు అదుపులో లేనివాళ్లకు ఇది ఇంకా వేగంగా పాకుతుంది.

అపోహ: రూట్ కెనాల్ అంటే నరకం

భయపడేవాళ్లను తప్పుపట్టలేం. వారం రోజులు నిద్రలేక, అంత నొప్పితో వచ్చినవాళ్లకు ఇంకా నొప్పి పెడతారేమోనన్న బెంగ సహజం. అసలు నొప్పి మీరు వెంట తెచ్చుకున్నదే. మత్తు ఇంజెక్షన్ పనిచేశాక చేసే పని ఇది: పంటి చుట్టూ రబ్బరు షీటు బిగించి, పైనుంచి రంధ్రం చేసి, వేర్ల పొడవు కొలిచి, ఫైళ్లనే సన్నటి సూదుల్లాంటి పరికరాలతో పల్ప్ తీసి, సోడియం హైపోక్లోరైట్ అనే క్రిమినాశక ద్రవంతో కడిగి, ఆరబెట్టి, గట్టాపెర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో నింపడం. బాగా వాచిన కింది దవడ పంటికి మత్తు ఒక్కోసారి పూర్తిగా ఎక్కదు, అది దాచాల్సిన విషయం కాదు. అప్పుడు అదనంగా మరో చోట ఇస్తాం. చెయ్యెత్తితే ఆపుతాం. తర్వాత రెండు మూడు రోజులు నమిలితే కొంచెం నొప్పిగా ఉంటుంది.

అసలు నష్టం ఇక్కడ కాదు, దీని తర్వాత జరుగుతోంది. నొప్పి పోగానే తాత్కాలిక సిమెంటుతోనే నెలలు గడిపేస్తారు. అది అరిగి, అంచుల నుంచి లాలాజలం లోపలికి దిగి, శుభ్రం చేసిన వేర్లు మళ్లీ పాడవుతాయి. దవడ పన్నుకు క్యాప్ వేయించుకోకపోతే, అప్పటికే పుచ్చుతో, రంధ్రంతో పలచబడిన గోడలు నమిలే ఒత్తిడికి చీలతాయి. చీలిక వేరులోకి దిగితే చేసిన చికిత్సంతా వృథా, పన్ను పీకాల్సిందే. రూట్ కెనాల్ చేయించుకున్నా పన్ను నిలవలేదని చెప్పేవాళ్లను "క్యాప్ వేయించారా?" అని అడిగి చూడండి.

చలికాలానికి సంబంధించినవి కొన్ని

జలుబుతో ముక్కు దిబ్బడేసి, పై దవడ పళ్లు మూడు నాలుగు ఒకేసారి నొప్పి పెడుతున్నాయా? వంగినా, మెట్లు దిగినా ఎక్కువవుతోందా? అది సైనస్ (ముక్కు పక్కన ఎముకలో ఉండే గాలి గది) నొప్పి కావచ్చు. ఆ పళ్ల వేర్లు సైనస్ గదికి ఆనుకునే ఉంటాయి. ఒక్క పన్ను మాత్రమే, చల్లనిదానికో వేడికో నొప్పి పెడితే పంటినే అనుమానించాలి.

గొంతు గరగరకు చప్పరించే బిళ్లల్లో చాలావాటిలో చక్కెర ఉంటుంది. తీపి తగిలిన కొద్ది నిమిషాల్లోనే పాచిలో ఆమ్లం పుట్టి, పీహెచ్ (ఆమ్లం ఎంత పెరిగితే అంత తగ్గే కొలత) దాదాపు 5.5 కన్నా కిందికి పడితే ఎనామిల్ ఖనిజాలు కరుగుతాయి. మళ్లీ మామూలుకు రావడానికి అరగంటకు అటూ ఇటూగా పడుతుంది. గంటకో బిళ్ల చప్పరిస్తే ఆ కోలుకునే సమయమే ఉండదు. ఎంత తీపి తిన్నామన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. చక్కెర లేని బిళ్లలు దొరుకుతాయి. పిల్లలకు దగ్గు సిరప్ పట్టిస్తే బ్రష్ చేయకముందు పట్టించండి, చేశాక కాదు. జలుబు మాత్రలు నోరు ఎండబెడతాయి, నీళ్లు తరచూ తాగండి.

చల్లగాలికే పళ్లు జివ్వుమంటుంటే సెన్సిటివిటీ పేస్టుకు కనీసం రెండు వారాలు టైమివ్వాలి. రాత్రి బ్రష్ చేశాక నురగ ఉమ్మేసి, నీళ్లతో పుక్కిలించకుండా వదిలేస్తే ఫ్లోరైడ్ పంటి మీద నిలుస్తుంది. ఒక్క పన్నే జివ్వుమంటుంటే పేస్టుతో కాలక్షేపం చేయకండి.

మిగతా అపోహలు, త్వరత్వరగా

*క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి.* వదులు చేసింది గార, దాని కింద కరిగిన ఎముక. గట్టిపడిన గార కట్టులా పట్టి ఉంచడంతో ఇన్నాళ్లూ తెలియలేదు, అంతే.

*చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే బ్రష్ ఆపాలి.* రక్తం వచ్చేది పాచి పేరుకున్నందుకు. మెత్తటి బ్రష్‌తో అక్కడే ఇంకా శ్రద్ధగా తోమండి. రెండు వారాల్లో తగ్గకపోతే రండి.

*పై పన్ను తీయిస్తే చూపు పోతుంది.* పంటి నరం వేరు, చూపు నరం వేరు. చూపు తగ్గే వయసూ పళ్లు తీయించుకునే వయసూ ఒకటే కావడంతో పుట్టిన భయం.

*పాల పళ్లే కదా, ఊడిపోతాయి.* చివరి పాల దవడ పన్ను 10 నుంచి 12 ఏళ్ల దాకా ఉండాలి. పైగా 6 ఏళ్లకు వాటి వెనక వచ్చే దవడ పన్ను పాల పన్ను కాదు, శాశ్వతమైనది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి తల్లిదండ్రులు గమనించరు. చిన్న వయసులోనే పుచ్చిపోయే శాశ్వత పన్ను ఎక్కువగా అదే.

*ఊడిపడిన పన్ను ఇక పనికిరాదు.* సెలవుల్లో ఆటల్లో పడి ముందు పన్ను వేరుతో సహా ఊడి వచ్చేస్తే అది తిరిగి అతుక్కోవచ్చు, కాకపోతే ప్రతి నిమిషమూ లెక్కే. పైభాగం పట్టుకోండి, వేరును తాకొద్దు, రుద్దొద్దు. మట్టి ఉంటే పాలలోనో సెలైన్‌లోనో ఒక్కసారి ముంచి తీయండి. పక్క పళ్లను చూసుకుంటూ అదే గుంతలో తిరిగి పెట్టి, మెత్తటి గుడ్డ కరిపించి బయల్దేరండి. పెట్టలేకపోతే పాలలో వేసి తీసుకురండి, మామూలు నీళ్లలో గానీ పొడి టిష్యూలో గానీ వద్దు. అరగంటలోపు వస్తే మంచి అవకాశం ఉంటుంది. గంటసేపు పొడిగా ఉండిపోతే వేరు మీది కణాలు బతకవు. 6 ఏళ్లలోపు పిల్లలదైతే దాదాపు ఎప్పుడూ పాల పన్నే, దాన్ని తిరిగి పెట్టకూడదు, కింద తయారవుతున్న శాశ్వత పన్నుకు దెబ్బ తగులుతుంది. అయినా బిడ్డను, ఆ పన్నును వెంటబెట్టుకునే రండి, ముక్క లోపల ఉండిపోయిందేమో చూడాలి.