చలికాలంలో పండ్ల మొక్కలకు కాపుదల

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు పెంచుతున్న బొప్పాయి, అరటి, మామిడి, జామ మొక్కలను చలి నుంచి ఎలా కాపాడాలని అడిగారు. ఇవన్నీ వేడి ప్రాంతాల మొక్కలు. చలికి ముందే ఆకు రాల్చి విశ్రాంతి తీసుకోవడం ఆపిల్‌కు తెలుసు గానీ వీటికి తెలియదు. చలి 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగేసరికే అరటి ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. సున్నాకు దిగువన ఆకులోని కణాల మధ్య ఉన్న నీరు గడ్డకట్టి, కణాల లోపలి తేమను కూడా బయటకు లాగేస్తుంది. మర్నాడు ఎండ వచ్చేసరికి ఆ ఆకు ఉడికించిన తోటకూరలా వాడి, నల్లబడి వేలాడుతుంది.

మొక్కపై కప్పే దుప్పటి తనంతట తాను వేడి పుట్టించదు. పగలు నేల దాచుకున్న వేడి రాత్రంతా ఆకాశంలోకి పోతూనే ఉంటుంది. మబ్బు పట్టి ఉంటే అందులో కొంత తిరిగి వస్తుంది, గాలి, మబ్బు లేని రాత్రి అది కూడా ఉండదు. కాబట్టి నక్షత్రాలు తేటగా కనిపించే నిశ్చలమైన రాత్రే మనం ఎక్కువగా భయపడవలసింది. చాలామంది కొమ్మల మీద గుడ్డ కప్పి మొదలు దగ్గర తాడుతో బిగిస్తారు. నేల నుంచి వచ్చే వేడికి దారి మూసేసినట్టే, ఇక ఆ శ్రమంతా వృథా. మొక్క చుట్టూ నాలుగు కర్రలు పాతి, ఆకులకు తగలకుండా పాత దుప్పటి పరిచి, అంచులు నేలను తాకేలా దించి, వాటి మీద రాళ్లు పెట్టండి. ప్లాస్టిక్ పట్టాకు ఆనిన ఆకు మాడుతుంది, పైగా ఎండెక్కితే లోపల ఉక్క పెరుగుతుంది. ఏది కప్పినా పొద్దెక్కగానే తీసెయ్యాలి. లోపల బల్బు వెలిగించదలచుకుంటే వేడెక్కే పాతకాలపు బల్బే వాడాలి, ఎల్‌ఈడీ వల్ల ఉపయోగం లేదు; బల్బు గుడ్డకు తగలకుండా పెద్దవాళ్లే అమర్చాలి.

పొడి నేలకన్నా తడి నేల ఎక్కువ వేడిని దాచుకుంటుంది కనుక చలి రాత్రికి ముందు పగటిపూటే నీళ్లు పెట్టండి. బొప్పాయి పాదులో మాత్రం నీరు నిలవనివ్వకండి, చలిలో దాని వేళ్లు త్వరగా కుళ్లుతాయి. చలి రాకముందే నత్రజని ఎరువు ఆపేస్తే లేత చివుళ్లు వచ్చి చలికి బలి కాకుండా ఉంటాయి. అంటు మొక్కకైతే అంటు కట్టిన చోటు మునిగేలా మొదలు చుట్టూ మట్టి ఎగదోసి, చలి తగ్గాక తీసెయ్యండి. పైభాగం పోయినా ఆ చోటు బతికి ఉంటే మీరు కోరిన రకమే మళ్లీ చిగురిస్తుంది.

కుండీల్లో వేళ్లకు చుట్టూ నేల అండ ఉండదు కాబట్టి వాటిని వెలుతురుండే గదిలోకి చేర్చండి. తెచ్చేముందు ఆకుల అడుగున పిండినల్లి ఉందేమో చూడండి.

చలి దెబ్బ తిన్న కొమ్మలను వెంటనే నరకవద్దు. ఎండిన కొమ్మలు కూడా కింది భాగానికి కాస్త రక్షణే, పైగా ఏది చచ్చిందో అప్పుడే తెలియదు. చలి పూర్తిగా పోయాక బెరడును గోటితో కొద్దిగా గీకి చూడండి. ఆకుపచ్చగా కనిపిస్తే కొమ్మ బతికి ఉన్నట్టు, గోధుమరంగులో పొడిగా ఉంటే పచ్చదనం తగిలేదాకా కిందికి కొయ్యవచ్చు. అరటి బోదె మెత్తబడి కూలినా దుంపను తవ్వి పారెయ్యకండి, నేల లోపల అది చెడకపోతే ఎండలు వచ్చాక పిలకలు వేస్తుంది.

ఇట్లు,
మీ తాతయ్య