విడిపోయాక మనసు కోలుకోవడం: అపోహలు - వాస్తవాలు

"ఆరు నెలలైంది మేడమ్, ఇంకా గుర్తొస్తున్నాడు. నాలోనే ఏదైనా లోపం ఉందా?"

కౌన్సెలింగ్‌కు వచ్చేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. మగవాళ్లూ అడుగుతారు, కాస్త ఆలస్యంగా. గుర్తు రాకపోతేనే కోలుకున్నట్టు అనుకోవడంతో వస్తుంది చిక్కంతా.

అపోహ: అంత బాధపెట్టినా బెంగ పోలేదంటే అది నిజమైన ప్రేమే.

వాస్తవం: ఈ మాట నమ్మి వెనక్కి వెళ్లిపోయినవాళ్లను చాలామందిని చూశాను, అందుకే కాస్త వివరంగా చెబుతాను. హింస ఉన్న సంబంధాల్లో ముడి ఎందుకంత గట్టిగా పడుతుందో 1981లోనే డొనాల్డ్ డటన్, సూజన్ పెయింటర్ అనే పరిశోధకులు వివరించారు. ఇద్దరిలో ఒకరిదే పైచేయి కావడం, ఒకరోజు తిట్లు, మరుసటి రోజు బుజ్జగింపులు. ఈ రెండూ కలిస్తే ముడి బిగుస్తుంది. రోజూ దొరికే ఆప్యాయత కంటే, ఎప్పుడు దొరుకుతుందో తెలియని ఆప్యాయత కోసం మనసు ఎక్కువగా కాచుకుని ఉంటుంది. జూదం మానలేకపోవడం వెనకా ఇదే సూత్రం ఉంది.

2010లో హెలెన్ ఫిషర్ అనే పరిశోధకురాలి బృందం, ప్రేమించినవాళ్లు వదిలేసిన 15 మందికి ఆ మనిషి ఫొటో చూపిస్తూ మెదడు స్కాన్ తీసింది. వ్యసనంలో పనిచేసే భాగాలు చురుగ్గా కనిపించాయి. కాబట్టి బెంగను బట్టి ఆ మనిషి మంచివాడని తేల్చకండి. "ప్రొఫైల్ ఒక్కసారి చూసి ఫోన్ పెట్టేస్తా" అనేవాళ్లు కూడా ఈ విషయం గుర్తుంచుకోవాలి. ఆ ఒక్కసారితో ఆగినవాళ్లు నాకింకా తగల్లేదు.

అపోహ: బాధకు ఐదు దశలుంటాయి (నమ్మకపోవడం, కోపం, బేరమాడడం, కుంగిపోవడం, ఒప్పుకోవడం), వరుసగా దాటాలి.

వాస్తవం: మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్ రాస్ 1969లో ఆ దశలు చెప్పింది చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడి, విడిపోయినవాళ్లతో కాదు. "నాకసలు కోపమే రాలేదు, ఏదైనా మిస్సయ్యానా?" అని ఒకాయన టెన్షన్ పడ్డారు. ఏమీ మిస్సవలేదు.

అపోహ: మనసులో ఉన్నదంతా రాసేస్తే తేలికవుతుంది.

వాస్తవం: సగమే నిజం. 1986లో జేమ్స్ పెన్నిబేకర్ అనే మనస్తత్వవేత్త విద్యార్థులతో వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు తమ మనసుకు తగిలిన గాయాల గురించి రాయించారు. రాసిన వెంటనే మనసు ఇంకా భారమైంది. తర్వాతి నెలల్లో మాత్రం వాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లడం తగ్గింది. కానీ 2013లో డేవిడ్ స్బారా అనే పరిశోధకుడి బృందం భార్యాభర్తలుగా విడిపోయినవాళ్లలో కొందరితో ఇలాగే, కొందరితో రోజువారీ పనుల గురించి రాయించినప్పుడు, "ఎందుకిలా జరిగింది" అని అదేపనిగా తవ్వుకునేవాళ్లకు మేలు జరగలేదు. వాళ్లలో రోజువారీ పనుల గురించి రాసినవాళ్లే బాగా కోలుకున్నారు. అందుకే నేను కొందరిని డైరీ మొదలుపెట్టమంటాను, కొందరిని కొన్నాళ్లు ఆపేయమంటాను.

అపోహ: కాలమే అన్నీ మాన్పుతుంది.

వాస్తవం: చాలామందికి మాన్పుతుంది. నిద్ర, తిండి లేకుండా వారాలు గడుస్తుంటే మాత్రం ఎదురుచూడకండి. చచ్చిపోవాలనిపిస్తే ఆరోజే ఇంట్లోవాళ్లకు చెప్పండి, డాక్టర్‌ను కలవండి.

అపోహ: క్షమిస్తేనే ముందుకు వెళ్లగలం, ఒక్కసారి కలిసి మాట్లాడుకోవాలి.

వాస్తవం: క్షమించాలా వద్దా అన్నది మీ ఇష్టం. కలవడం వేరే సంగతి. చేయి చేసుకునే మనిషిని వదిలి వచ్చిన కొత్తలో ప్రమాదం ఎక్కువగా ఉంటుంది. "చివరిసారి మాట్లాడదాం" అని పిలిస్తే ఒంటరిగా వెళ్లకండి.

అపోహ: దెబ్బ తిన్నవాళ్లు రాటుదేలతారు.

వాస్తవం: గాయం తర్వాతి ఎదుగుదలను 1990లలో అధ్యయనం చేసిన మనస్తత్వవేత్తలు రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్హౌన్, అది దెబ్బతో దానంతటది వచ్చేది కాదన్నారు. ఆ దెబ్బతో మనిషి పెనుగులాడడంలోంచి వస్తుందట. బాధ కూడా దాని పక్కనే ఉండొచ్చు. అందరికీ వచ్చి తీరాలనీ లేదు. నాకు కనిపించే గుర్తులు చాలా చిన్నవి. "కుదరదు" అన్నాక సంజాయిషీ ఇవ్వకపోవడం లాంటివి. మొన్న సెషన్ మధ్యలో ఒకామె ఫోన్ మోగింది. ఎవరో చూసుకుని, తర్వాత మాట్లాడతానని పక్కన పెట్టేసింది. ఏడాది కిందట అదే రింగ్‌టోన్‌కు ఆమె చేతులు వణికేవి. తను విడిపోయిన మనిషి మాత్రం ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటాడట.