ఫ్రోబెర్గర్ రాతప్రతి గొడవ: అసలు మలుపు 1667లో ఉంది

పదిహేడో శతాబ్దపు జర్మన్ స్వరకర్త, కీబోర్డు వాద్యాల విద్వాంసుడు యోహాన్ యాకోబ్ ఫ్రోబెర్గర్ పేరు చర్చకు వచ్చిన ప్రతిసారీ మాట చివరికి ఒక్కచోటే చిక్కుకుంటుంది. 2006 నవంబరులో లండన్‌లో సోదబీస్ వేలం సంస్థ వేలం వేసిన ఆయన రాతప్రతి సంగతేంటి? అది ఆయన చివరి రోజుల్లో స్వయంగా రాసుకున్న పుస్తకం. అందులో ఉన్న 35 రచనల్లో 18 అంతకుముందు ఎవరికీ తెలియనివి. మూడు లక్షల పౌండ్లకు పైగా పెట్టి కొన్నవారి పేరు బయటికి రాలేదు, పుస్తకమూ పరిశోధకుల చేతికి రాలేదు. వేలం కేటలాగులో వేసిన వివరాలతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

కొన్నవారి పక్షాన మాట్లాడేవాళ్ళు రెండు మాటలంటారు. ఒకటి, సొంత డబ్బుతో కొన్న సొంత వస్తువు. దాన్ని కాదనలేం. రెండోది, తన రచనలు ఎవరికీ ఇవ్వొద్దని ఫ్రోబెర్గరే కోరాడు కదా, ఇప్పుడు మనకెందుకు తొందర అని. ఈ రెండో మాట దగ్గర ఆగి చూడాలి, ఎందుకంటే ఆయన కోరింది నిజమే గానీ ఏమని కోరాడు, ఎవరితో అన్నాడు, ఎందుకన్నాడు అన్నది ఎవరూ చెప్పడం లేదు.

స్టట్‌గార్ట్‌లో పుట్టడం, రోమ్‌లో పేరుమోసిన ఆర్గన్ విద్వాంసుడు ఫ్రెస్కోబాల్డి దగ్గర నేర్చుకోవడం, వియన్నాలో మధ్యమధ్య విరామాలతో ఆస్థాన ఆర్గనిస్టుగా పనిచేయడం, ఇదంతా ఎక్కడైనా దొరికే సమాచారమే. మనకు కావలసింది ఆ ఉద్యోగం పోయిన తర్వాతి కథ. 1657లో మూడో ఫెర్డినాండ్ చక్రవర్తి చనిపోయాడు, కొత్త ఏలికగా వచ్చిన లియోపోల్డ్ హయాంలో ఫ్రోబెర్గర్‌కు చోటు లేకపోయింది. చివరికి ఆయన్ని ఆదుకున్నది ఇప్పటి తూర్పు ఫ్రాన్స్‌లోని ఎరికూర్ కోటలో ఉంటున్న మోంబెలియార్ డచెస్ సిబిల్లా. భర్త పోయిన మనిషి, సంగీతమంటే ప్రాణం, ఆయనకు శిష్యురాలు. 1667 మే నెలలో, సాయంత్రం ప్రార్థన వేళ, పక్షవాతం వచ్చి ఆయన ఆ ఇంట్లోనే కన్నుమూశాడు.

హేగ్‌లో కాన్‌స్టంటైన్ హైగెన్స్ అని కవి, రాజకీయవేత్త, సంగీతం బాగా తెలిసినవాడు ఉండేవాడు. ఆయనకు సిబిల్లా రాసిన ఉత్తరాలు మిగిలాయి. నా దృష్టిలో ఈ మొత్తం గొడవకు తాళంచెవి అవే. రచనలను ఆమె చెయ్యి దాటనివ్వొద్దని గురువు అడిగాడని, ఎలా వాయించాలో తెలియనివాళ్ళు వాటిని పాడుచేస్తారని ఆయన భయమని ఆమె రాసింది. తన దగ్గర కూర్చుని నేర్చుకోని వాళ్ళకు ఆ రచనలు ఒంటపట్టవన్నది ఆయన నమ్మకం. తానైతే ఆయన దగ్గర పట్టు పట్టుగా నేర్చుకున్నానని చెప్పుకుంది, కొలోన్‌లో ఇంకొక ఆర్గనిస్టూ అలాగే నేర్చుకున్నాడని కూడా రాసింది. మనవాళ్ళు గురుముఖతః నేర్చుకోవాలి అంటారే, అచ్చం అదే మాట. కాగితం మీద స్వరం ఉంటుంది గానీ ఎక్కడ ఆగాలో, ఎక్కడ నెమ్మదించాలో ఉండదు. ఆయన కొన్ని రచనల మీద, వీటిని నెమ్మదిగా, విచక్షణతో వాయించాలి అని రాసి పెట్టింది కూడా అందుకే.

అంటే సిబిల్లా వద్దన్నది అరకొరగా వాయించడాన్ని. బీరువాలో పెట్టి తాళం వెయ్యమని ఎవరూ అనలేదు. ఆమె ఆ రచనలను వాయించే మనిషి.

పైగా ఆ భయం ఎంతవరకు నిజమైంది? ఆయన రచనలు బతికుండగా దాదాపు ఏవీ అచ్చుకాలేదు, అయినా కాపీలు చేతులు మారుతూనే ఉన్నాయి. తర్వాతి తరం జర్మన్ స్వరకర్త బాఖ్ చిన్నప్పుడు అన్న ఇంట్లో జాలీ తలుపుల బీరువాలో పెట్టిన ఒక స్వరపుస్తకాన్ని సందులోంచి లాగి, వెన్నెల్లో ఆరు నెలలు కూర్చుని రాసుకున్నాడన్న కథ బాఖ్ సంస్మరణ వ్యాసంలో ఉంది. ఆ పుస్తకంలోనూ ఫ్రోబెర్గర్ రచనలున్నాయి. అన్న ఆ బీరువాకు వేసిన తాళం ఎవరిని ఆపింది?

ఇంకొకటి. బెర్లిన్‌లోని జింగ్ అకాడమీ అనే గాయక సంఘం గ్రంథాలయం రెండో ప్రపంచయుద్ధం తర్వాత సోవియట్ చేతుల్లోకి పోయి, 1999లో కీవ్‌లో బయటపడి, 2001లో బెర్లిన్‌కు తిరిగొచ్చింది. అందులో దొరికిన ఒక ఫ్రోబెర్గర్ ప్రతిలో, రైన్ నది మీద పడవలో ప్రమాదాన్ని వర్ణించే రచనకు అంకెలు వేసి మరీ ఏ స్వరం దగ్గర ఏం జరిగిందో రాశారు, కత్తి అందించబోయి ఒకాయన నీళ్ళలో పడటంతో సహా. గురువు చెప్పాల్సిన మాట కాగితం మీదే దొరికింది. అది అందరూ చూడగల చోట ఉంది కాబట్టి ఇవాళ ఆ రచనను తెలిసి వాయిస్తున్నారు.

లండన్‌లో అమ్ముడైన పుస్తకంలో సిబిల్లా పేరు మీద రాసిన ధ్యానరచన ఒకటుంది, ఆమె భర్త మరణం మీద రాసిన రచనా ఉంది. పేర్లు కేటలాగులో అచ్చయ్యాయి. పూర్తి స్వరాలకోసం హార్ప్సికార్డ్ (పియానోకు ముందటి కీబోర్డు వాద్యం) వాయించేవాళ్ళు ఇంకా ఎదురుచూస్తున్నారు.