ఇంట్లో బేగల్స్: తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

బేగల్ అంటే మధ్యలో చిల్లుతో గుండ్రంగా చుట్టి, ముందు నీళ్లలో ఉడికించి, తర్వాత ఓవెన్‌లో కాల్చే బ్రెడ్. బేగల్స్ నేర్పేటప్పుడు నన్ను అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం పదార్థాల గురించే. ఏ పిండి కొనాలి, ఏ సిరప్ తెప్పించాలి, ఏ ఈస్ట్ మంచిది. అవీ ముఖ్యమే. కానీ బేగల్‌ను బేగల్‌గా చేసేవి గట్టిగా కలిపిన పిండి, ఫ్రిజ్‌లో గడిచే ఒక రాత్రి, గిన్నెడు మరిగే నీళ్లు. వీటి విషయంలో రాజీపడి, సరుకుల కోసం ఊరంతా వెతికేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

అపోహ: నీళ్లలో ఉడికించకపోయినా ఫర్వాలేదు, ఓవెన్‌లో ఆవిరి ఉంటే చాలు.

ఇది అన్నిటికంటే పెద్ద అపోహ. బేగల్‌ను మరిగే నీళ్లలో వేయగానే పైపొరలోని పిండిపదార్థం నీళ్లు పీల్చుకుని, ఉబ్బి, జిగురుగా మారుతుంది. లోపలి పిండి ఇంకా పచ్చిగా ఉండగానే పైన ఒక పొర గట్టిపడుతుందన్నమాట. తర్వాత ఓవెన్ వేడికి పిండి పొంగాలని చూస్తే ఆ పొర దాన్ని పట్టి ఉంచుతుంది. అందుకే లోపలి భాగం బన్నులా గుల్లగా కాకుండా దగ్గరగా, నమిలితే సాగేలా ఉంటుంది. పైన కనిపించే మెరుపు కూడా ఆ జిగురు పొరదే. సరిగ్గా ఉడికించిన బేగల్‌కు పైన గుడ్డు సొన పూయాల్సిన పని లేదు. నువ్వులు, గసగసాలు అతుక్కోవాలన్నా నీళ్లలోంచి తీసిన వెంటనే, పైభాగం ఇంకా తడిగా ఉన్నప్పుడే అద్దాలి.

ఎంతసేపు ఉడికించాలన్నది మీ ఇష్టాన్ని బట్టి ఉంటుంది. ఒక్కో వైపు 30 సెకన్లు ఉంచితే పైపొర పల్చగా వస్తుంది. ఒక్కో వైపు నిమిషం ఉంచితే పొర మందంగా, బేగల్ ఇంకాస్త గట్టిగా వస్తుంది. నాకు నిమిషమే ఇష్టం. ఫ్యాక్టరీల్లో తయారయ్యే చాలా రకాలను నీళ్లలో వేయకుండా ఆవిరి మీదే కానిస్తారు. అవి బన్నుల్లా మెత్తగా ఉండటానికి ఒక కారణం అదే.

అపోహ: నీళ్లలో వంటసోడా వేస్తేనే రంగు వస్తుంది.

సోడా వల్ల పైభాగం త్వరగా ఎర్రబడే మాట నిజమే. కానీ ఎక్కువైతే రుచి ప్రెట్జెల్ (ముడి ఆకారంలో చుట్టి కాల్చే బ్రెడ్) వైపు వెళ్లిపోతుంది. న్యూయార్క్ పద్ధతిలో బార్లీ మాల్ట్ సిరప్ (మొలకెత్తిన బార్లీ నుంచి తీసే తియ్యటి పాకం) వాడతారు. కెనడాలోని మాంట్రియల్ బేకరీల్లో నీళ్లలో తేనె కలుపుతారు, తర్వాత కట్టెల పొయ్యిలో కాలుస్తారు. ఇంట్లో 2 లీటర్ల నీళ్లకు రెండు చెంచాల మాల్ట్ సిరప్ గానీ తేనె గానీ సరిపోతుంది. రెండూ లేకపోతే చక్కెర వేయండి. రంగు వస్తుంది, మాల్ట్ వాసన మాత్రం రాదు.

అపోహ: న్యూయార్క్ నీళ్లు లేకపోతే అసలైన బేగల్ రాదు.

న్యూయార్క్ కుళాయి నీళ్లలో ఖనిజాలు తక్కువ. నీళ్లలోని ఖనిజాలు గ్లూటెన్ (పిండికి సాగే గుణాన్నిచ్చే గోధుమ ప్రొటీన్) బిగువు మీద కొంత ప్రభావం చూపుతాయి కూడా. అయితే ఆ తేడా చాలా చిన్నది. పిండిని పలుచగా కలిపి, గంటలో పొంగించి, ఉడికించకుండా కాల్చేస్తే ఏ నగరం నీళ్లు పోసినా బన్నే వస్తుంది. మీరు తాగే నీళ్లతోనే కలపండి.

అపోహ: మైదాతో బేగల్స్ కుదరవు.

బేగల్‌కు ప్రొటీన్ ఎక్కువున్న పిండి కావాలి, 13 శాతం దాటితే మరీ మంచిది. మామూలు మైదాలో సాధారణంగా అంత ఉండదు. అలాగని ఆగిపోనక్కర్లేదు. 500 గ్రాముల మైదాలో 15 గ్రాముల దాకా విడిగా దొరికే గ్లూటెన్ పొడి కలిపితే తేడా మీకే తెలుస్తుంది. అది కూడా లేకపోతే బేగల్ కొంచెం మెత్తగా వస్తుంది, అంతే. తినడానికి బాగానే ఉంటుంది.

పిండి రకం కంటే ఎక్కువ మంది తడబడేది నీళ్ల కొలత దగ్గర. ఈమధ్య బ్రెడ్ వంటకాల్లో నీళ్లు ఎక్కువ పోయడం అలవాటైంది. బేగల్‌కు అది పనికిరాదు. 500 గ్రాముల పిండికి 275 గ్రాముల నీళ్లు చాలు. కలిపేటప్పుడు పొడిగా, మొండిగా ఉందనిపిస్తుంది. టెన్షన్ పడి ఇంకాస్త నీళ్లు పోయకండి. ఐదు నిమిషాలు పిసికి, మూతపెట్టి పది నిమిషాలు వదిలేయండి. మళ్లీ చేతిలోకి తీసుకునేసరికి పిండి దానంతటదే లొంగుతుంది. ఆ తర్వాత నున్నగా అయ్యేదాకా పిసకండి. మిక్సర్‌తో చేస్తే తక్కువ వేగంలోనే తిప్పండి. ఇంత గట్టి పిండికి చిన్న మిక్సర్ల మోటారు వేడెక్కుతుంది.

అపోహ: ఈస్ట్ ఎక్కువేస్తే పని త్వరగా అయిపోతుంది.

పని అవుతుంది, రుచి రాదు. 500 గ్రాముల పిండికి 3 నుంచి 4 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్ చాలు. పిండిని బేగల్ ఆకారంలో చుట్టి, మూతపెట్టి 12 నుంచి 24 గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఆ చలిలో ఈస్ట్ నెమ్మదిస్తుంది, పిండి నిదానంగా పులిసి రుచి లోతుగా వస్తుంది. కాలిన తర్వాత పైన కనిపించే చిన్న చిన్న బుడగలు కూడా చాలావరకు ఈ చల్లటి నిల్వ వల్లే.

ఉడికించడానికి సిద్ధమైందో లేదో తెలుసుకోవాలంటే ఒక బేగల్‌ను చల్లటి నీళ్లలో వేసి చూడండి. పది సెకన్లలో తేలితే సిద్ధమైనట్టే. మునిగిపోతే తుడిచి, బయట కాసేపు ఉంచి, మళ్లీ చూడండి. తేలాక ఆలస్యం చేయకూడదు, ఎక్కువ పొంగిన బేగల్ ఉడికేటప్పుడు ముడతలు పడి చదునైపోతుంది. ఉడికాక 220 డిగ్రీల ఓవెన్‌లో 18 నుంచి 22 నిమిషాలు. టైమర్ కంటే రంగునే నమ్మండి.

అపోహ: చిల్లు అందం కోసమే.

మందంగా, గట్టిగా ఉండే పిండి మధ్యదాకా సమంగా కాలడానికి చిల్లు చాలా సాయపడుతుంది. పొంగినప్పుడు, ఉడికినప్పుడు అది చిన్నదవుతుంది కాబట్టి మొదట్లో మరీ పెద్దదనిపించేంత చేయండి.

అపోహ: 1683లో వియన్నా యుద్ధం గెలిచిన పోలండ్ రాజు సోబియెస్కీ గౌరవార్థం, గుర్రపు రికాబు ఆకారంలో బేగల్‌ను కనిపెట్టారు.

కథ బాగుంది గానీ తేదీలు ఒప్పుకోవు. పోలండ్‌లోని క్రాకోవ్ నగర యూదు సమాజం 1610లో రాసుకున్న నియమాల్లోనే బేగల్ పేరు ఉంది, అదీ ప్రసవం తర్వాత స్త్రీలకు ఇచ్చే కానుకగా. ఆ యుద్ధానికి 73 ఏళ్ల ముందు మాట అది. నాకు రాజు కథ కంటే, బాలింతకు బేగల్ ఇచ్చారన్న ఆ ఒక్క వాక్యమే ఎక్కువ నచ్చుతుంది.

అపోహ: మిగిలినవి ఫ్రిజ్‌లో పెడితే తాజాగా ఉంటాయి.

కాల్చిన బేగల్ ఫ్రిజ్‌లో బయటకంటే త్వరగా గట్టిపడుతుంది. ఆ చల్లదనంలో పిండిపదార్థం మళ్లీ బిగుసుకుంటుంది. ఆ రోజు తినేవాటిని బయటే ఉంచండి. మిగతావి పూర్తిగా చల్లారాక అడ్డంగా రెండు ముక్కలుగా కోసి, గాలి చొరకుండా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. కోయకుండా పెడితే గడ్డకట్టాక కత్తి దిగదు. ముక్కలను కరిగేదాకా ఆగకుండా నేరుగా టోస్టర్‌లో వేసుకోవచ్చు.